యువతకు తోడుండే మెంటార్లకు శిక్షణ ఇచ్చే పద్ధతి

మెంటార్లుగా ముందుకొచ్చే పెద్దవాళ్లకు ప్రేమ ఉంటుంది, ఓపిక ఉంటుంది. చాలామందికి చేతకానిది నోరు అదుపులో పెట్టుకోవడం. కుర్రాడు గోడు మొదలుపెట్టి అర నిమిషం కాకముందే "దీనికే ఇంత బాధా? నీ వయసులో నేనైతే..." అని అందుకుంటారు. అందుకే శిక్షణలో సగం సమయం వినడం సాధన చేయించడానికే కేటాయించండి.

ఎంపికలోనే ఒక షరతు పెట్టండి: కనీసం ఏడాది పాటు, వారానికి ఓ గంట. మూడు నెలల్లోపే తెగిపోయిన మెంటార్-కుర్రాడి జతల్లో పిల్లలకు తమ మీద తమకున్న విలువ తగ్గినట్టు అమెరికాలో జరిగిన పరిశోధనలో తేలింది. మధ్యలో వదిలేసే మెంటార్ కంటే అసలు లేకపోవడమే మేలు. గత చరిత్ర విచారించకుండా ఎవరినీ పిల్లల దగ్గరికి పంపకండి.

పన్నెండు మందికి మించని బృందం, ఇద్దరు శిక్షకులు, మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు. ఉపన్యాసం ఇరవై నిమిషాలు దాటితే ఎవరూ వినరు.

మొదటి తరగతిలో ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టండి. ఒకరు మెంటార్, ఒకరు కుర్రాడు, ఇంకొకరు గమనించేవాళ్లు. ఏడు నిమిషాల సంభాషణ, మూడు నిమిషాల సమీక్ష, తర్వాత పాత్రలు మార్చుకోవాలి. నియమం ఒక్కటే: సలహా ఇవ్వకూడదు. ఎన్ని సలహాలు జారాయో, ఎన్నిసార్లు మాటకు అడ్డొచ్చారో గమనించేవాళ్లు గీతలు గీసి లెక్కపెట్టాలి. తొలి విడతలో ఆ గీతలు చూసుకుని మెంటార్లే నోరెళ్లబెడతారు.

"పరీక్ష పోయింది, ఇంట్లో చెప్పలేదు" అన్నాడనుకోండి. "ముందు ఇంట్లో చెప్పెయ్" అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. "ఎవరికీ చెప్పుకోలేక నువ్వొక్కడివే మోస్తున్నావా? ఎన్నాళ్ల నుంచి?" అంటే కదులుతుంది. అతని మాటనే చిలకలా తిరిగి అప్పజెప్పినా విసుగొస్తుంది, అదీ చూసుకోవాలి. మౌనం వస్తే ఐదు సెకన్లు ఆగమనండి. చాలామందికి అది యుగంలా ఉంటుంది.

రెండో తరగతి కష్టంలో నిలదొక్కుకునే శక్తి గురించి. అది ధైర్యవచనాలతో రాదు, చేసి చూసుకుంటేనే వస్తుంది. "ఇంతకుముందు ఇలాంటిది ఎలా దాటావు?" అని అడగడం నేర్పండి. తర్వాత సమస్యలో అతని చేతిలో ఉన్నదీ లేనిదీ కాగితం మీద విడివిడిగా రాయించాలి. ఉన్నదాంట్లోంచి పదిహేను నిమిషాల్లో అయ్యే ఒక్క పని ఎంచుకుని, ఏ రోజు, ఏ వేళకు చేస్తాడో అతనితోనే చెప్పించాలి. వచ్చే వారం చేయలేదంటే మందలించొద్దు. పని పెద్దదైందన్నమాట, సగానికి తగ్గించాలి. చేస్తే ఉత్త "శభాష్" సరిపోదు, ఏం చేశాడో పేరుపెట్టి మెచ్చుకోవాలి.

మూడో తరగతి మొత్తం భద్రతకే. "ఎవరికీ చెప్పను" అని మెంటార్ ఎన్నడూ మాటివ్వకూడదు. తనకు తాను హాని చేసుకోవడం, ఇతరులకు హాని చేయడం, ఎవరైనా అతన్ని హింసించడం - ఈ మూడింటిలో ఏదున్నా కార్యక్రమ సమన్వయకర్తకు చెప్పక తప్పదని తొలి సమావేశంలోనే కుర్రాడికి చెప్పాలి. రెండు వారాలకు మించి దిగులు, నిద్ర పట్టకపోవడం, స్నేహితులకు దూరమవడం కనిపిస్తే నిపుణుల దగ్గరికి పంపాలి. చికిత్స మెంటార్ పని కాదు.

చావు ప్రస్తావన వస్తే సూటిగా అడగాలి: "ఆత్మహత్య చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటే మాత్రం "లేవు" అనే జవాబే వస్తుంది. నోరు తడబడకుండా వచ్చేదాకా ప్రతి ఒక్కరితో ఆ ప్రశ్న బయటికి అనిపించండి. అవునంటే అతన్ని ఒంటరిగా వదలకూడదు, ప్రమాదకర వస్తువులు దూరం చేయాలి, వెంటనే సమన్వయకర్తకూ అత్యవసర సేవలకూ ఫోన్ చేయాలి. ఆ నంబర్లు శిక్షణ గదిలోనే ప్రతి మెంటార్ ఫోన్‌లో సేవ్ చేయించండి.

నాలుగో తరగతిలో ఇవన్నీ కలిపి మళ్లీ ముగ్గురేసి సాధన. ఆ తర్వాత నెలకోసారి గంటసేపు మెంటార్లను కూర్చోబెట్టి, ఎక్కడ చిక్కుకున్నారో వినండి. ఇది ఆపేస్తే పాత అలవాటు, అంటే సలహాల వాన, మళ్లీ మొదలవుతుంది. జత ముగించాల్సి వస్తే కనీసం నెల ముందే కుర్రాడికి చెప్పి, చివరి సమావేశం తేదీ ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి.