కాలనీలో సాయంత్రం ఆటల గంట మొదలుపెట్టాలంటే

పిల్లలు లావెక్కుతున్నారనగానే అందరి చూపూ ముందు కంచం మీద పడుతుంది. అన్నం తగ్గించు, నెయ్యి మానెయ్ అంటూ మొదలుపెడతాం. తిండి సంగతి ఉంది, కాదనను, కానీ మన ఇళ్లలో అంతకంటే ఎక్కువగా మారిపోయింది సాయంత్రం. బడి నుంచి వచ్చేసరికి నాలుగున్నర, ఆరింటికి ట్యూషన్, ఆ మధ్య గంటన్నరలో చేతిలో ఫోను, ఒళ్లో చిప్స్ ప్యాకెట్. దీన్ని ఎవరింట్లో వాళ్లు విడిగా సరిచేసుకోవడం చాలా కష్టం, ఎందుకంటే కింద ఆడేవాళ్లే లేనప్పుడు మీ ఒక్క పిల్లాణ్ణి "పోయి ఆడుకో" అంటే వాడు ఎవరితో ఆడతాడు? అందుకే ఇది కాలనీ అంతా కలిసి చేయాల్సిన పని. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లను మనసులో పెట్టుకుని రాస్తున్నా, విజయవాడ అయినా వరంగల్ అయినా పద్ధతి ఇదే.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున కనీసం 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేంతగా ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. వారానికి ఒకటో రెండో పీటీ పీరియడ్లతో అది తీరదు, పైగా గ్రౌండే లేని బిల్డింగుల్లో నడిచే స్కూళ్లు మన దగ్గర కొల్లలు. కాబట్టి వారానికి కనీసం ఐదు సాయంత్రాలు ఈ ఆటల గంట పెట్టుకోండి. ఆదివారం ఒక్కరోజు ఘనంగా చేసి మిగతా వారమంతా ఊరుకుంటే లాభం లేదు.

చోటు ముందు చూసుకోండి. సెల్లార్ పార్కింగ్ వద్దు, ఏ కారు ఎప్పుడు రివర్స్ వస్తుందో తెలియదు. డాబా అసలే వద్దు. దగ్గర్లో పార్కు ఉంటే సరే, లేకపోతే సర్కారు బడి గ్రౌండు అడగండి. హెడ్మాస్టరు గారికి నలుగురు పెద్దవాళ్లు వెళ్లి లెటర్ ఇచ్చి, గేటు తాళం బాధ్యత ఎవరిదో, ఆట అయ్యాక చెత్త ఎవరు తీస్తారో అప్పుడే రాసిచ్చేస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆ బడి పిల్లల్నీ, మీ వాచ్‌మన్ గారి పిల్లల్నీ కలుపుకోండి, అది దయ కాదు, ఆట బాగా వచ్చినవాళ్లు చాలాసార్లు వాళ్లే. టైము ఏడాదంతా ఒకటే పెట్టకండి. డిసెంబర్‌లో ఐదూ ముప్పావుకల్లా పొద్దుగూకుతుంది కాబట్టి బడి నుంచి రాగానే మొదలవ్వాలి, ఏప్రిల్లో ఎండ తగ్గేదాకా, అంటే ఐదున్నర దాకా, ఆగాలి. ట్యూషన్ టీచరుతో మాట్లాడి ఒక అరగంట వెనక్కి జరిపించుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇక ఆటల సంగతి. అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. మనం మామూలుగా ఆడించే ఆటల్లో ఔటైనవాడు పక్కన కూర్చుంటాడు. ముందు ఔటయ్యేది ఎవరు? పరిగెత్తలేని పిల్లలే. అంటే ఎవరు ఎక్కువ కదలాలని ఇదంతా పెట్టామో వాళ్లే గట్టు మీద కూర్చుని చూస్తుంటారన్నమాట. గల్లీ క్రికెట్‌లో అయితే కాస్త బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి కీపరునో అంపైరునో చేసి నిలబెట్టేస్తారు, వాడు గంటసేపు నిలబడి ఇంటికి పోతాడు. అందుకని రూల్ మార్చండి: మన ఆటల్లో ఔట్ అంటే బయటికి పోవడం కాదు. ఏడు పెంకులాటలో బంతి తగిలితే పరిగెత్తుకెళ్లి ప్రహరీ గోడ ముట్టుకుని మళ్లీ ఆటలోకి రావాలి. లాక్ అండ్ కీలో మామూలుగానే తోటివాళ్లు వచ్చి విడిపిస్తారు, దాన్ని అలాగే ఉంచండి. క్రికెట్టే కావాలని పట్టుబడితే ఇద్దరిద్దరు జంటగా రెండేసి ఓవర్లు ఆడాలి, ఔటైతే రన్స్ తగ్గుతాయి గానీ బ్యాటు చేతిలోనే ఉంటుంది. ఖోఖోలో మరీ ఎక్కువమందిని కూర్చోబెట్టకుండా చిన్న చిన్న టీములు చేయండి. తొక్కుడు బిళ్ల, తాడాట చిన్నపిల్లలకి బాగుంటాయి. తొమ్మిదేళ్ల లోపు వాళ్లని విడిగా ఆడించండి, పెద్దవాళ్ల బంతి దెబ్బకి భయపడి రావడం మానేస్తారు.

"బరువు తగ్గే క్లాసు" అని మాత్రం ఎక్కడా అనకండి. ఇది సన్నపిల్లలకీ లావుపిల్లలకీ అందరికీ ఆటల గంట, అంతే. అందరి ముందూ బరువు చూడటం, నడుము కొలవడం వద్దే వద్దు. బొండాం, లడ్డూ లాంటి పిలుపులు పిల్లలకే కాదు, సరదాగా అనే అంకుల్స్‌కీ నిషేధం. ఒక్కసారి ఆ మాట పడ్డాక ఆ పిల్ల మర్నాడు కడుపునొప్పి అంటుంది, ఆ తర్వాత ఇక రాదు. బరువు సంగతి పిల్లల డాక్టరు దగ్గర, గ్రోత్ చార్టు (వయసుకి తగ్గట్టు ఎత్తు, బరువు ఉన్నాయో లేదో చూసే పట్టిక) మీద చూసుకోవాలి. మెడ వెనక ఎంత రుద్దినా పోని నల్లటి మందమైన చారలు కనిపిస్తే అది మట్టి కాకపోవచ్చు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. ఆ తల్లిదండ్రులకి పక్కకి పిలిచి మెల్లగా చెప్పండి.

ఆడపిల్లలు పన్నెండేళ్లు రాగానే ఆటలకి రావడం తగ్గిపోతుంది, దీన్ని ముందే ఊహించి ఏర్పాటు చేయాలి. రోజూ కనీసం ఒక ఆడమనిషి గ్రౌండులో ఉండాలి, బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి, ఇంటికి వెళ్లే దారిలో లైటు వెలగాలి. ఈ మూడూ లేకుండా "మా దగ్గర ఆడపిల్లలు ఆడరండీ" అనడం అన్యాయం.

ఆట అయ్యాక ఆకలేస్తుంది. గుగ్గిళ్లు, ఉడకబెట్టిన పల్లీలు, జామకాయ, అరటిపండు, మజ్జిగ చాలు. ఇళ్లవారీగా వంతులు వేసుకుంటే పెద్ద ఖర్చు కాదు. 300 మి.లీ. కోలా లాంటి కూల్ డ్రింక్‌లో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరేడు టీ చెంచాలు, పండు బొమ్మ వేసిన ప్యాకెట్ డ్రింకులూ పెద్ద తేడా ఏం కాదు. గేటు బయట బజ్జీల బండి ఉంటే ఆయన్ని తరమకండి, ఆయన పొట్టకూటి కోసం పెట్టుకున్నాడు, మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మమని అడిగి మీరే కొనండి. పుట్టినరోజులకి కేకు బదులు గ్రౌండుకి బంతో తాళ్లో కొనివ్వమని తల్లిదండ్రులకి చెప్పండి.

పెద్దవాళ్లు రోజుకి ఇద్దరు, ఒక్కరితో నడపకండి. ఒకరికి దెబ్బ తగిలితే రెండోవాళ్లు మిగతా పిల్లల్ని చూస్తారు. ఆయాసం, గుండె జబ్బు, ఫిట్స్ ఉన్న పిల్లల వివరాలు ముందే రాయించుకుని, ఇన్‌హేలర్ వాడే పిల్లలు దాన్ని వెంట తెచ్చుకునేలా చూడండి. వానాకాలంలో కమ్యూనిటీ హాలులో తాడాట, డాన్సు.

వారం వారం రాసుకోవాల్సింది ఎంతమంది వచ్చారన్నది, ఎవరు రావడం మానేశారన్నది. మానేసిన వాళ్లింటికి ఆ వారమే వెళ్లి అడగండి, ఫోన్ చేస్తే "ఏం లేదండీ" అనేస్తారు. ఫిబ్రవరి, మార్చిలో పరీక్షల టెన్షన్‌తో సగం మంది రావడం మానేస్తారు, అప్పుడు పూర్తిగా ఆపకుండా అరగంటకి కుదించండి, టెన్త్ పిల్లలకి కూడా ఆ అరగంట వదిలిపెట్టమని ఇంట్లోవాళ్లని జనవరిలోనే ఒప్పించి పెట్టుకోండి.