ఫ్లాస్క్ కాఫీ రుచి చెడిందా? ముందు మూత వాసన చూడండి

ఇంట్లో కప్పులో తాగినప్పుడు కాఫీ బ్రహ్మాండంగా ఉంటుంది. అదే కాఫీ ఫ్లాస్క్‌లో పోసుకెళ్లి గంట తర్వాత ప్రయాణంలో తాగితే ఎవరో నిన్న పెట్టి వదిలేసినట్టుంటుంది. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే. గింజలు మార్చాలా, ఫ్లాస్క్ మార్చాలా అని అడుగుతారు. మూత విప్పి కడిగారా అంటే మాత్రం 'రోజూ కడుగుతూనే ఉన్నా కదా' అంటారు. కడగడం వేరు, విప్పి కడగడం వేరు.

కాఫీ తొందరగా చల్లారిపోతోంది

ఫ్లాస్క్‌ని ముందు వేడి చేయలేదు, అంతే. చల్లటి స్టీలు తన వాటా వేడిని కాఫీలోంచే లాగేసుకుంటుంది. మరిగిన నీళ్లు నిండా పోసి, మూతపెట్టి 5 నిమిషాలు ఉంచండి. వాటిని పారబోసిన వెంటనే కాఫీ పోయండి. సగం ఫ్లాస్క్ కాఫీ నిండు ఫ్లాస్క్ కాఫీ కన్నా ముందే చల్లారుతుంది కాబట్టి, మీరు తాగేదానికి సరిపడే సైజు కొనుక్కోండి.

ఇవన్నీ చేసినా చల్లారుతుంటే మరిగే నీళ్లు పోసి, కాసేపాగి బయటి గోడను అరచేత్తో తడిమి చూడండి. మూతి దగ్గర వెచ్చగా తగలడం మామూలే. నడుము దగ్గరా అడుగునా వేడి తగిలితే రెండు గోడల మధ్య ఉండాల్సిన వాక్యూమ్ పోయినట్టే. దానికి ఇంట్లో రిపేరు లేదు. ఇక మంచినీళ్ల సీసాగా వాడుకోండి.

తాజాగా పెట్టిన కాఫీకి కూడా పాత నూనె వాసన

నన్ను నెలల తరబడి తిప్పలు పెట్టింది ఇదే. గింజలు రెండుసార్లు మార్చాను. పొడి తగ్గించాను, పెంచాను. చివరికి స్టీలు బాగోలేదని తేల్చుకుని కొత్త ఫ్లాస్క్ కొన్నాను. వాసన పోయింది! ఈ సమస్య మోసం చేసేది సరిగ్గా ఇక్కడే. కొత్త ఫ్లాస్క్‌తో పాటు కొత్త మూత, కొత్త వాషర్ వస్తాయి కాబట్టి రెండు మూడు నెలలు అంతా బాగుంటుంది. ఆ తర్వాత అదే కంపు తిరిగొస్తుంది.

అసలు దోషం మూత లోపలి సిలికాన్ వాషర్‌ది. కాఫీలో నూనెలుంటాయి. అవి కొద్దికొద్దిగా వాషర్‌కీ, దాని వెనక ఉన్న గాడికీ పట్టి పాతబడతాయి. సిలికాన్ వాసన పట్టుకుందంటే ఒక పట్టాన వదలదు. మీ బ్రష్ ఆ గాడిలోకి వెళ్లదు కానీ ఆవిరి వెళ్తుంది. అక్కడ నీరుగా మారి, ఆ మురికిని తడిపి మళ్లీ కాఫీలోనే చుక్కలుగా పడుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి కడిగిన ఫ్లాస్క్‌లో ఉత్త వేడినీళ్లు పోసి మూత బిగించండి. ఒకసారి తలకిందులు చేసి, అరగంట ఆగి, ఆ నీళ్లు కప్పులో పోసుకుని తాగండి. నీళ్లకే కాఫీ కంపు కొడితే గింజల్ని తిట్టి లాభం లేదు. మళ్లీ నీళ్లు పోసి, ఈసారి మూతకు బదులు చిన్న ప్లేటు బోర్లించండి. అప్పుడు వాసన లేకపోతే దొంగ మూతలో దొరికినట్టే.

వాషర్ తీసేముందు అది ఎటు తిరిగి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. చెంచా కాడతో మెల్లగా పైకి లేపండి. చాకు వాడితే గాటు పడి, రేపటి నుంచి కారడం మొదలవుతుంది. నేను మొదటిసారి తీసినప్పుడు వాషర్ వెనక గోధుమరంగు జిగురు వేలికి అంటుకుంది. వేడినీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి దాన్ని గంట నానబెట్టాను, గాడిని పాత టూత్‌బ్రష్‌తో తోమాను, పని అయిపోయిందని సంబరపడ్డాను. వాసన సగమే పోయింది. నొక్కితే తెరుచుకునే మీట లోపల రెండో వాషర్ ఉందని నాకప్పటికి తెలియదు! మీట ఉన్న మూత అయితే అది కూడా విప్పండి.

స్టీలు లోపల గోధుమరంగు మరక పేరుకుపోయి ఉంటే ఆక్సిజన్ బ్లీచ్ పొడి (క్లోరిన్ లేని బ్లీచ్, సోడియం పర్‌కార్బొనేట్) వేడినీళ్లలో కలిపి పోయండి. మూత మాత్రం పెట్టకండి. లోపల గ్యాస్ పుట్టి మూత ఎగిరిపడగలదు. తర్వాత బాగా కడగండి. క్లోరిన్ బ్లీచ్ జోలికి వెళ్లొద్దు, స్టీలుకు గుంటలు పడతాయి. నానబెట్టినా వాసన పోని వాషర్‌ని పారేసి, అదే సైజుది కొత్తది వేసుకోండి. ఇకనుంచి రాత్రిపూట మూత తీసే ఉంచండి.

బ్యాగులో కారుతోంది

వాషర్‌ని తిరగేసి పెట్టారు, లేదా కడిగాక పెట్టడమే మరిచిపోయారు. ఫొటో తీయమన్నది ఇందుకే. నీళ్లు పోసి సింక్ మీద ఒక నిమిషం బోర్లించి చూశాకే బ్యాగులో పెట్టండి.

వాసన బాగానే ఉంది, చేదెక్కింది

ఇది ఎక్కువసేపు వేడిగా ఉండటం వల్ల. కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు వేడికి విడిపోయి క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది, పుల్లచేదు మొదలవుతుంది. ఫ్లాస్క్ ఎంత మంచిదైతే ఈ బాధ అంత ఎక్కువ. గంట రెండు గంటల్లో తాగేయండి. మధ్యాహ్నం దాకా కావాలంటే కోల్డ్ బ్రూ చేసుకోండి. పొడిని చన్నీళ్లలో 12 నుంచి 16 గంటలు నానబెట్టి వడకట్టి, ఐస్‌తో అదే ఫ్లాస్క్‌లో పోసుకోవచ్చు. పొడి అడుగునే ఉండిపోయే ప్రెస్ మగ్గులైతే దారిపొడవునా చేదు దిగుతూనే ఉంటుంది, వేరే గిన్నెలోకి వంచుకోవాల్సిందే.

చేదు లేదు, కంపు లేదు, కానీ చప్పగా ఉంది

చిన్న కన్నంలోంచి తాగితే ముక్కుకు వాసన అందదు. మూత తీసి తాగండి.

పాలు విరిగాయి

పాలు కలిపి గంటల తరబడి ఉంచకండి. గోరువెచ్చగా మారాక పాలలో బ్యాక్టీరియా పెరుగుతుంది. బ్లాక్ కాఫీ పట్టుకెళ్లి, చల్లటి పాలు వేరే సీసాలో తీసుకెళ్లి తాగేముందు కలుపుకోండి.

నీళ్లలో ఉప్పుశాతం, స్టీలు గ్రేడు, మూత మరలు అరగడం లాంటివి కూడా కారణాలే, కానీ అరుదు. ఉత్త వేడినీళ్ల పరీక్ష చేయకుండా వాటి దాకా వెళ్లకండి.