ఇల్లంతా కడిగే ముందు సీసాలు ఒకసారి చూసుకోండి

ఇల్లు మొత్తం శుభ్రం చేద్దామని నడుం కట్టిన రోజు సింకు కింద మూలకు చేరిన సీసాలన్నీ బయటికొస్తాయి. మామూలుగా ఒక్కోదాన్ని ఒక్కో వారం వాడతాం. ఆ రోజు మాత్రం అన్నీ ఒకదాని వెంట ఒకటి వాడేస్తాం. ఒక్కో సీసా విడిగా చేసే హాని కన్నా రెండు కలిసి చేసేదే ఎక్కువ, అందుకే ఈ హెచ్చరిక.

నాకు ఇది అనుభవమే. టాయిలెట్‌లో యాసిడ్ క్లీనర్ పోశాను. కాసేపు చూసినా మరక వదల్లేదు. ఇంకొంచెం ఘాటుగా ఉండాలేమో అనుకుని, కడగకుండానే పైన బ్లీచ్ గుమ్మరించాను. తలుపు వేసే ఉంది. ఒక్కసారిగా గొంతు పట్టేసి, కళ్ల వెంట నీళ్లు కారాయి. బయటికి పరిగెత్తి బతికాను గానీ ఆ రాత్రంతా దగ్గుతూనే ఉన్నాను. అక్కడ పుట్టింది క్లోరిన్ వాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీదికి వదిలింది కూడా దాన్నే. గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి కింద, నేల దగ్గరే పేరుకుంటుంది. ఒంగి నేల రుద్దేవాళ్ల ముఖం ఉండేదీ అక్కడే.

ఇది విన్నవాళ్లలో చాలామంది, "మేం యాసిడ్ వాడం, వెనిగరే" అంటారు. వెనిగర్ పులియబెట్టి చేసిందే, కాదనను. కానీ అందులో ఉన్నదీ ఆమ్లమే, బ్లీచ్‌లో పడితే అదీ క్లోరిన్‌నే పుట్టిస్తుంది. ఆమ్లం పండు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది బ్లీచ్‌కు పట్టదు. "కెమికల్స్ లేని" అని అట్ట మీద రాసి ఉంటే నాకు నవ్వొస్తుంది, మంచినీళ్లు కూడా రసాయనమే కదా!

అందుకని ముందు రోజే సీసాలన్నీ తీసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. సోడియం హైపోక్లోరైట్ అని ఉంటే అది బ్లీచ్. బ్లీచింగ్ పౌడర్‌ది కూడా అదే దారి. వాటిని ఒక పక్కన పెట్టండి. హైడ్రోక్లోరిక్, సిట్రిక్, ఎసిటిక్, ఫాస్ఫారిక్ లాంటి పేర్లున్నవన్నీ ఆమ్లాలు, అవి ఇంకో పక్కకు. అద్దాలు తుడిచే ద్రవాల్లో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది. అది బ్లీచ్‌తో కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే క్లోరమైన్లు తయారవుతాయి. పెంపుడు జంతువు మూత్రం పోసిన చోటైనా అంతే, ముందు బాగా నీళ్లు కొట్టాకే బ్లీచ్ పోయాలి. శానిటైజర్‌లాంటి ఆల్కహాల్ సరుకునూ బ్లీచ్‌కు దూరంగా ఉంచండి. నన్నడిగితే బ్లీచ్ పనికి వేరే రోజే కేటాయించాలి. కుదరకపోతే ఒక గదిలో ఒకటే సీసా వాడండి. మధ్యలో పుష్కలంగా నీళ్లు పోసి, కిటికీలు తెరిచి పెట్టండి. బ్లీచ్‌ను వేడినీళ్లలో కలపొద్దు.

వెనిగర్, వంట సోడా కలిపి పొంగించడం మరో సరదా. అందులో విషం లేదు గానీ ఒకదాన్నొకటి విరిచేసుకుని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. కలిపి మూత బిగించారో, గ్యాస్ పట్టి సీసా పగలొచ్చు.

మురుగు గొట్టంలో అడ్డు తీయడానికి పోసే కాస్టిక్ సోడా విషయం వేరు. దాన్ని చన్నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి గానీ దాని మీద నీళ్లు పోయకూడదు, ఉడికి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె అసలే వద్దు, మండే హైడ్రోజన్ వెలువడుతుంది. గొట్టంలో అప్పటికే ఏం పోశారో ప్లంబర్‌కు చెప్పండి, ఆయన చేతులు కాలకుండా ఉంటాయి.

ఇక "సహజం" అనే మాటకు లొంగిపోకండి. కర్పూరం, యూకలిప్టస్ నూనె చెట్ల నుంచే వస్తాయి, పసిపిల్లలు కొంచెం మింగినా మూర్ఛలు రావచ్చు. బీరువాలో వేసే కలరా ఉండలు పిల్లలకు బిళ్లల్లా కనిపిస్తాయి. నాఫ్తలీన్‌తో చేసినవైతే, జీ6పీడీ లోపం (పుట్టుకతోనే ఒక ఎంజైమ్ తక్కువగా ఉండడం) ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. చేమంతి జాతి పువ్వుల్లో పురుగులను చంపే పైరెత్రిన్లు ఉంటాయి. వాటిని చూసి తయారుచేసిన పెర్మెత్రిన్ అనే పురుగుమందును మనుషులు తట్టుకోగలరు గానీ, ఇంట్లో పిల్లి ఉంటే దానికి ప్రాణాంతకం. చెక్క సామానుకు అవిసె నూనె పట్టించారా? ఆ గుడ్డను ముద్దగా పడేయకండి. నూనె ఆరుతూ వేడెక్కి, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకోగలదు. ఒంటి పొరగా బయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

గొంతు మండినా కళ్లు మండినా పని ఆపి బయటికి రండి. మిగిలింది కడిగేద్దామని మళ్లీ లోపలికి వెళ్లొద్దు. ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. కంట్లో పడితే ధారగా నీళ్లతో 15 నుంచి 20 నిమిషాలు కడగాలి, ఆ తర్వాతే ప్రయాణం. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, పైకి వచ్చేటప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది. విరుగుడని నిమ్మరసమో వెనిగరో తాగించకండి. సీసాను వెంట తీసుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేది అదే. కూల్‌డ్రింక్ బాటిల్లోకి మార్చి పెట్టిన ద్రవమైతే, అదేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేరు.