కొత్త రంగు వేశాక మొరాయించే పాత స్టేషన్ వ్యాగన్: సమస్యలు - పరిష్కారాలు

రేకు పని, రంగు, సీట్లు అన్నీ పూర్తయ్యాక రోజూ వాడుకుందామని రోడ్డెక్కించిన పాత స్టేషన్ వ్యాగన్ తొలి నెలల్లో పెట్టే ఇబ్బందులు చాలావరకు విడిభాగాల లోపం వల్ల వచ్చినవి కావు. అయినా యజమానులు ముందు సెల్ఫ్ మోటారు మారుస్తారు, తరువాత బ్యాటరీ మారుస్తారు, అదీ ఫలించకపోతే కార్బొరేటర్ విప్పుతారు. బ్యాటరీ టెర్మినళ్లు ఊడదీసి శుభ్రం చేశారా అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. మల్టీమీటర్ పట్టుకోవడం, ప్లగ్గు విప్పి చూడడం తెలిసినవారిని దృష్టిలో పెట్టుకొని ఈ వివరాలు రాస్తున్నాను.

సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, లేదా టక్‌మని ఆగిపోతుంది

బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్న తరువాత బ్యాటరీ వద్ద 12.6 వోల్టులు ఉండాలి. 12.4 కంటే తక్కువ ఉంటే ముందు ఛార్జి చేయండి, మిగతా సంగతులు తరువాత చూసుకోవచ్చు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు వోల్టేజి 9.6 కంటే దిగువకు పడిపోతే బ్యాటరీని అనుమానించవచ్చు. పదికి పైన నిలబడి ఉన్నా సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంటే బ్యాటరీ తప్పేమీ లేదు, కరెంటు దారిలో ఎక్కడో పోతోంది. ఆ దారిలో అందరూ ఎర్ర తీగనే చూస్తారు. నా చేతికి వచ్చిన బండ్లలో ఎక్కువసార్లు దొంగ దొరికింది ఎర్త్ వైపే, అంటే కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగివచ్చే దారిలోనే.

ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బాడీకీ మధ్య భారీ కరెంటును మోయగల లోహపు బంధం ఒక్క ఎర్త్ పట్టీయే. బ్యాటరీ ఎర్త్ తీగను బాడీకి బిగించిన బండ్లలో సెల్ఫ్ కరెంటు మొత్తం ఆ పట్టీ గుండానే వెనక్కి రావాలి. ఇంజిన్‌కే బిగించిన వాటిలో దీపాల కరెంటు దాని మీద ఆధారపడుతుంది. పునరుద్ధరణలో బాడీకీ, ఇంజిన్ దిమ్మకీ, బ్రాకెట్లకీ చక్కగా రంగు వేసి, ఆ రంగు మీదే పట్టీని బిగిస్తారు. పైకి ముచ్చటగా కనిపించే ఆ పొర కింద కరెంటుకు దారి మూసుకుపోతుంది. అప్పుడది చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ వంటి అడ్డదారులు వెతుక్కుంటుంది. రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ వేలికి వేడిగా తగిలినా, హెడ్‌లైట్లు వేయగానే ఉష్ణోగ్రత ముల్లు కదిలినా ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఈ లోపం ఇంతకాలం దాగి ఉండడానికి కారణం, చాలామంది దీన్ని ఓమ్ మీటరుతో వెతకడమే. సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగుతున్నప్పుడు 0.01 ఓమ్ నిరోధం ఉన్నా 2 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మల్టీమీటర్ తీగల సొంత నిరోధమే అంతకంటే ఎక్కువ కాబట్టి ఈ లోపం అందులో కలిసిపోయి, అంతా బాగుందన్నట్టు చూపి మిమ్మల్ని సంతృప్తి పరుస్తుంది. కొలవవలసింది నిరోధం కాదు, కరెంటు పారుతున్నప్పుడు పడిపోయే వోల్టేజి. ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు (ప్లగ్గుల నిప్పురవ్వకు అధిక వోల్టేజి ఇచ్చే భాగానికి) వచ్చే తీగ తీసేసి, మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొనను బ్యాటరీ ఎర్త్ సీసపు కాడకే (పైనున్న క్లాంపుకు కాదు), రెండవ మొనను సెల్ఫ్ మోటారు ఒంటికి ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు ఉంటే వదిలేయండి. 0.5 దాటితే రెండవ మొనను క్లాంపు, తీగ చివర, బోల్టు, బాడీ రేకు, పట్టీ, ఇంజిన్ అనే వరుసలో ఒక్కొక్క మజిలీ జరుపుతూ రండి; అంకె ఎక్కడ ఎగిరితే లోపం అక్కడే. వేడెక్కాకే మొరాయించే బండిని వేడి మీదే పరీక్షించాలి.

బోల్టు విప్పి, వాషరు వెడల్పున రంగును గీకి రేకు తళతళలాడే వరకు ఎమరీ కాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, గ్రీజు ఆ తరువాతే పైన పూయండి. తీగ చివర కొక్కెంలో పచ్చని పొడి కనిపిస్తే శుభ్రం చేస్తూ కూర్చోకుండా కొత్త పట్టీ వేయండి. 1960ల నాటి, అంతకు ముందటి బ్రిటిష్ బండ్లలో పాజిటివ్‌ను ఎర్త్ చేసినవి చాలా ఉన్నాయి. అలవాటు కొద్దీ నెగెటివ్‌ను బాడీకి కలిపేయకండి.

ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయం) మరీ ముందుకు జరిగినా వేడిలో సెల్ఫ్ ఇబ్బంది పడుతుంది, దాన్ని సరిచూడడం కాసేపటి పని. ఫ్లైవీల్ పళ్లు అరగడం, సెల్ఫ్ బుష్‌లు పోవడం అరుదు; అవి చివర్న చూడవచ్చు.

బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమంటుంది

ఇదీ ఆ ఎర్త్ జబ్బే. వెనుక దీపాల హోల్డర్లు బాడీ ద్వారానే ఎర్త్ అవుతాయి, రంగు అడ్డుపడితే కరెంటు పక్క ఫిలమెంటు గుండా తప్పించుకుంటుంది. వ్యాగన్‌కు అదనంగా ఉన్న బెడద వెనుక తలుపు కీలు దగ్గర వంగే వైర్లు. పైతొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి పోగులు తెగిపోతాయి. మెల్లగా లాగినప్పుడు వైరు రబ్బరులా సాగితే తెగినట్టే. టేపు చుట్టకుండా ఆ ముక్క మొత్తాన్ని సన్నపోగుల వైరుతో మార్చండి.

అరగంట నడిచి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ నడుస్తుంది

ఆగిన వెంటనే పెట్రోలు ట్యాంకు మూత వదులు చేయండి. గాలి బుస్సుమని లోపలికి పోయి బండి నడిస్తే ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోయింది, తరచుగా అడుగున కొట్టిన పూత వల్లే. అలా కాకపోతే తుప్పు రజను ట్యాంకులోని జాలిని కప్పేస్తోందేమో చూడండి. రెండూ కాకపోతే, ఆగిన క్షణంలోనే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ ఉందో లేదో చూసి కాయిల్ సంగతి తేల్చండి. కార్బొరేటర్ జోలికి అంతవరకు వెళ్లవద్దు.

లోపల పొగ వాసన

దీన్ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. నిటారుగా ఉండే వెనుక భాగం వల్ల నడుస్తున్న వ్యాగన్ వెనుక గాలి పీడనం తగ్గి, సైలెన్సరు పొగ లోపలికి లాక్కోబడుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసనే ఉండదు. వెనుక తలుపు రబ్బరు మధ్య కాగితపు ముక్క పెట్టి తలుపు మూసి లాగండి, సులువుగా జారి వచ్చే చోటల్లా రబ్బరు పట్టడం లేదన్నమాట. చీకట్లో లోపల టార్చి వెలిగించి బయటి నుంచి చూస్తే మిగిలిన సందులు కూడా బయటపడతాయి. సైలెన్సరు గొట్టం బంపరు దాటి బయటికి రావాలి, అతుకుల్లో ఎక్కడా మసి చార కనిపించకూడదు. ఇవన్నీ సరిచేసే వరకు వెనుక అద్దం తెరచి బండి నడపవద్దు.