మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చే ముందు

చేతులు సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడుక్కోండి. కేర్ ప్లాన్‌లో (పేషెంటును ఎలా చూసుకోవాలో రాసిన కాగితంలో) ఇద్దరు లేపాలని రాసి ఉంటే ఒక్కరే సాహసం చేయొద్దు, ఎంత తొందరున్నా సరే.

- కుర్చీని పేషెంటుకు బలమున్న వైపు పెట్టండి. రెండు బ్రేకులూ వేసి, ఒకసారి కదిపి చూడండి. ఫుట్‌రెస్టులు పక్కకు తిప్పేయండి.
- యూరిన్ బ్యాగ్ గొట్టం ఎక్కడైనా చిక్కుకుందా? నేనొకసారి చూసుకోలేదు, పెద్దాయన కెవ్వుమన్నారు.
- కాళ్లకు జారని చెప్పులు.
- ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టండి. గబుక్కున లేపితే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. ముఖం పాలిపోతే మళ్లీ పడుకోబెట్టేయడమే.
- చంకల కింద పట్టి ఎత్తొద్దు, భుజం కీలు దెబ్బతింటుంది. లేపేటప్పుడు మీరు నడుం కాదు, మోకాళ్లు వంచండి.