ఉరుములకు బెదిరే కుక్కను ఇంట్లో నెమ్మదిగా ఉంచుకోవడం

అనంతపురంలో ఏప్రిల్ నెలాఖరు మొదలుకొని మృగశిర కార్తె దాకా చాలా సాయంత్రాలు ఒకే తీరుగా గడుస్తాయి. పగలంతా నిప్పులు చెరిగిన ఎండ నాలుగు గంటల వేళకు ఉన్నట్టుండి మసకబారుతుంది, ఎర్రటి దుమ్మును ఎత్తుకొని ఈదురుగాలి లేస్తుంది, ఆ వెనుకే ఉరుములు మొదలవుతాయి. మా ఇంట్లో ఆ కబురు అందరికంటే ముందు అందేది కరియకు. కరియ ఎనిమిదేళ్ల నాటు కుక్క. కూలర్ ఎదుట చల్లటి బండల మీద కాళ్లు బారజాపుకొని పడుకున్నది కాస్తా, మాకు ఇంకా ఏ చప్పుడూ వినిపించక ముందే లేచి కూర్చుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, ఎదుట తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది, చెవులు వెనక్కి వాల్చి ఒక గది నుంచి మరో గదికి తిరుగుతుంది. వణుకు, రొప్పడం, చొంగ కార్చడం, తలుపు గోకడం, నిలుచున్న చోటే మూత్రం పోయడం ఆ తరువాత వస్తాయి. కుక్క భయపడుతున్నదని చాలామంది ఈ రెండో దశలో మాత్రమే గుర్తిస్తారు, కానీ మొదటి ఆవలింత దగ్గరే మేలుకొన్నవారికి పని సగం తేలికవుతుంది.

ఈ భయం మొండితనమూ కాదు, గారాబమూ కాదు. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు అందుకుంటే కుక్క చెవి 45,000 హెర్ట్జ్ దాకా అందుకుంటుంది, అంటే దాని లోకంలో మనకు లేని చప్పుళ్లు ఎన్నో ఉంటాయి. ఉరుముతో పాటు మెరుపు, గాలి విసురు, తడిసిన మట్టి వాసన, ఇల్లంతా కమ్మిన చీకటి ఒక్కసారే వచ్చిపడతాయి. అవన్నీ దాని మనసులో ఒకదానితో ఒకటి ముడిపడిపోయి, కొన్నాళ్లకు కిటికీ రెక్క టపటపలాడినా చాలు, ఉరుము వచ్చినంతగా బెదురుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ జిల్లాలో ఉరుములు ఎండాకాలం చివర కొన్ని సాయంత్రాలకూ, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలల వానలకూ పరిమితం. నడుమ నెలల తరబడి ఆకాశం ఊరకే ఉంటుంది కనుక కుక్కకు ఆ చప్పుడు అలవాటయ్యే వీలు తక్కువ. వయసు వస్తే అదే సర్దుకుంటుందిలే అని వదిలేస్తే ఈ భయం తగ్గకపోగా చాలా కుక్కల్లో పెరుగుతూ పోతుంది.

అన్నిటికంటే ముందు మానుకోవలసింది కట్టేసే అలవాటు. మన వైపు కుక్కను వసారా స్తంభానికో, పెరట్లోని వేపచెట్టుకో గొలుసుతో కట్టడం పరిపాటి. నాలుగేళ్ల కిందట నేనూ అలాగే చేసి బంధువుల పెళ్లికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి వడగళ్లతో వాన పడి వెలిసింది. రేకుల వసారాలో కరియ స్తంభం చుట్టూ తిరిగి తిరిగి గొలుసు జానెడు మాత్రమే మిగిలి, మెడ స్తంభానికి ఆనించుకొని నిలబడి ఉన్నది. ముందు కాళ్ల గోళ్లు రెండు విరిగాయి. బండల మీది నెత్తురు ఆ రాత్రే కడిగేశాను గాని, గోళ్లు గీసిన గీతలు నేటికీ కనిపిస్తాయి. రేకుల మీద వడగళ్లు పడుతుంటే కింద మనుషులమే మాట్లాడుకోలేము, ఇక తప్పించుకుపోయే దారి లేని ప్రాణి సంగతి చెప్పనక్కరలేదు. చెట్టుకు కట్టడం మరీ ప్రమాదం, ఎందుకంటే పిడుగు ఎత్తైన చెట్లనే ఎక్కువగా వెతుక్కుంటుంది. మబ్బు కమ్మిందంటే కుక్క ఇంటి లోపల, గొలుసు లేకుండా ఉండాలి. వీధి గేటు గొళ్లెం పెట్టి ఉండాలి. భయంతో పారిపోయిన కుక్క తన వీధిని కూడా గుర్తు పట్టలేదు కనుక, మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయించి ఉంచడం మరవకూడదు.

ముందుగా తెలుసుకోవడానికి ఇప్పుడు దారులు ఉన్నాయి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ తయారు చేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగులు పడే సూచనను ఫోన్‌లో చూపుతుంది, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కూడా మండలాల వారీగా పిడుగుల హెచ్చరికలు ఇస్తుంది. మధ్యాహ్నం అటువంటి హెచ్చరిక వస్తే ఎండ కాస్త తగ్గగానే, గాలి లేవక ముందే కుక్కను బయట తిప్పి మలమూత్రాలు కానిచ్చి తీసుకురావాలి. కడుపు ఉబ్బి ఉన్న కుక్కకు భయం తోడైతే ఆ బాధ రెండింతలు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించే దాకా సెకన్లు లెక్కపెడితే, ప్రతి మూడు సెకన్లకు దూరం సుమారు ఒక కిలోమీటరు. ఆ లెక్క తగ్గుతూ ముప్పై సెకన్లకు చేరక ముందే ఇంట్లో ఏర్పాట్లు పూర్తయి ఉండాలి.

ఇక చోటు. దాన్ని మీరు నిర్ణయించకండి, కుక్కనే ఎంచుకోనివ్వండి. మొదటి ఉరుముకు అది ఎక్కడికి వెళుతుందో రెండు మూడు సార్లు గమనిస్తే చాలు. కొన్ని మంచం కిందికి దూరతాయి, కొన్ని స్నానాల గదిలో మూలకు చేరతాయి, కరియ మాత్రం నడింట్లో బియ్యం మూటలకూ గోడకూ మధ్య సందులో ఒదుగుతుంది. అక్కడ బయటికి తెరుచుకునే కిటికీ లేదు, మూటలు చప్పుడును కొంత పీల్చుకుంటాయి, వీపు గోడకు ఆనుతుంది. ఆ చోటును మెరుగుపరచడమే మన పని. నున్నటి బండల మీద వణికే కాళ్లు జారతాయి కనుక కింద గోనెసంచి గాని పాత బొంత గాని పరచాలి, పక్కన నీళ్ల గిన్నె ఉంచాలి. దాని తలుపు ఎప్పుడూ మూయకూడదు. లోపలికి వెళ్లే స్వేచ్ఛ ఎంత అవసరమో, బయటికి వచ్చే స్వేచ్ఛా అంతే అవసరం. దాక్కున్న కుక్కను మన పక్కన కూర్చోబెట్టుకోవాలనే ప్రేమతో కూడా బయటికి లాగకూడదు. అట్లా లాగినప్పుడు ఎన్నడూ కరవని కుక్క కూడా కరుస్తుంది.

చప్పుడును పూర్తిగా ఆపలేము గాని, దాని మీద మరో నిలకడైన చప్పుడు కప్పగలము. ఎండాకాలంలో మన ఇళ్లలో తిరిగే కూలర్ ఈ పనికి ఎంతో అనువైనది, సీలింగ్ ఫ్యాన్ గాని కాస్త పెద్దగా పెట్టిన రేడియో గాని కూడా ఉపయోగపడతాయి. ఇందులో ఒక చిక్కు ఉన్నది, దాన్ని నేను ఆలస్యంగా గ్రహించాను. గాలివాన బలపడే సమయానికే కరెంటు పోతుంది, కూలర్ రొద ఉన్నపళంగా ఆగిపోతుంది, ఆ నిశ్శబ్దంలో పడే మరుసటి ఉరుము అంతకుముందు వాటికంటే భయంకరంగా వినిపిస్తుంది. అందువల్ల ఫోన్‌లో ఫ్యాన్ చప్పుడు వంటిది ఒకటి ముందుగానే నింపుకొని, బ్యాటరీ స్పీకరు మీద కూలర్‌తో పాటే మొదలుపెట్టి ఉంచుకుంటున్నాను. కరెంటు పోయినా ఆ రొద కొనసాగుతుంది. కిటికీలకు మందపాటి దుప్పటి కట్టి, గదిలో ఒక బ్యాటరీ దీపం వెలిగించి ఉంచితే మెరుపు కూడా అంత కొట్టొచ్చినట్టు కనిపించదు.

అన్ని ఉపాయాలలోకి నేను ఎక్కువ నమ్మేది తిండి. పద్ధతి సులువే, క్రమం మాత్రం తప్పకూడదు: ముందు ఉరుము, వెంటనే తిండి. ఉరిమిన ప్రతిసారీ, రెండు సెకన్లలో, కుక్కకు ప్రాణమైన చిన్న ముక్క ఒకటి నోటికి అందించాలి. అది వణుకుతున్నా, చెప్పిన మాట వినకపోయినా ఇవ్వాలి, ఎందుకంటే ఇది బుద్ధిగా ఉన్నందుకు ఇచ్చే బహుమతి కాదు, ఉరుము వెనుక మంచిది వస్తుందని దాని మనసుకు చెప్పే మాట. క్రమం తారుమారై ముందు తిండి, తరువాత ఉరుము వస్తే తిండిని చూసే బెదిరే ప్రమాదం ఉంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం నుంచి 2020లో వెలువడిన ఒక సర్వేలో, టపాకాయల భయానికి ఈ పద్ధతిని వాడిన యజమానుల్లో 70 శాతానికి పైగా మేలు కనిపించిందని చెప్పారు. ఉప్పు, కారం, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేయకుండా ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం ముక్కలు మా ఇంట్లో ఈ పనికే వేరుగా ఉంటాయి, మామూలు రోజుల్లో వాటిని ఇవ్వము. ఎర్రగడ్డ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకు విషంతో సమానం. ఎంత ఇష్టమైనది ఇచ్చినా ముట్టలేదంటే భయం హద్దు దాటిందని అర్థం. అప్పుడు బలవంతం చేయక, దగ్గర కూర్చోవడమే మేలు.

దగ్గరికి తీసి ఓదారిస్తే భయం మరింత పెరుగుతుందని, పట్టించుకోకుండా ఉండాలని చెప్పేవారు ఇంకా ఉన్నారు. అది సరికాదు. భయం ఒక భావమే గాని, అలవాటు చేసిన పని కాదు, ఓదార్పు దాన్ని పెంచదు. కుక్క మీ ఒడిలోకి వస్తే రానివ్వండి, మెడ కింద నుంచి ఛాతీ దాకా అరచేతితో నెమ్మదిగా, బరువుగా నిమరండి. మీ గొంతులో కంగారు లేకపోవడం ముఖ్యం. ఉరిమినప్పుడల్లా మా నాయనమ్మ "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని ఒకే లయలో అనుకునేది. ఆ కాలపు మా కుక్క ఆమె మంచం పక్కనే చేరడానికి కారణం ఆ మార్పులేని గొంతేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. తిట్టడం, కొట్టడం, పాడైన తలుపు చూపించి గద్దించడం వల్ల దాని భయానికి మనమూ ఒక కారణమవుతాము.

ఒంటికి బిగువుగా గుడ్డ చుట్టడం కొన్ని కుక్కలకు పని చేస్తుంది, కొన్నింటికి చేయదు. పాత చున్నీని ఛాతీ మీదుగా వీపు మీదికి, పొట్టను నొక్కకుండా, వేలు దూరేటంత వదులుతో కట్టి వాన లేని రోజుల్లోనే అలవాటు చేయాలి. రొప్పుతున్న కుక్కకు మే నెల ఉక్కలో మాత్రం దీన్ని వాడవద్దు, వడదెబ్బ తగలవచ్చు.

ఉరుముల రికార్డింగు వినిపించి అలవాటు చేసే శిక్షణకు మన వైపు అనువైన కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కుక్క తినడం ఆపకుండా, చెవి మాత్రం కాస్త కదిలించేటంత చిన్న శబ్దంతో మొదలుపెట్టి, రోజుకు ఐదు పది నిమిషాలు, వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. తొందరపడి ఒకేసారి పెంచితే చేసినదంతా వృథా. అసలు గాలివానలోని మెరుపు, విసురు రికార్డింగులో ఉండవు గనుక దీని నుంచి పూర్తి ఫలితం ఆశించకూడదు.

ఇవన్నీ చేసినా కుక్క తనను తాను గాయపరచుకుంటుంటే, గంటల తరబడి తేరుకోకపోతే పశువైద్యుని దగ్గరికి వెళ్లవలసిందే. కడప జిల్లావారికి ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉన్నది. నడివయసు దాటాక కొత్తగా శబ్దభయం మొదలైతే కీళ్ల నొప్పి ఉన్నదేమో చూడమని అడగండి. ఉరుముకు ఉలిక్కిపడినప్పుడు కండరాలు బిగుసుకొని నొప్పి కలిగితే కుక్క ఆ నొప్పిని చప్పుడుకే అంటగడుతుంది. ట్రాజడోన్, గాబాపెంటిన్ వంటి మందులను వైద్యుడు బరువును బట్టి నిర్ణయిస్తాడు, వాటిని గాలివానకు గంటా రెండు గంటల ముందే ఇవ్వాలి. ఏస్‌ప్రొమజైన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే శరీరం కదలలేకపోయినా లోపలి భయం తగ్గకపోవచ్చు కనుక ఆ విషయం వైద్యునితో మాట్లాడండి. ఇంట్లో మనుషులకు రాసిచ్చిన నిద్రమాత్రలు ఎంత చిన్న ముక్క అయినా వేయకూడదు.

వాన వెలిశాక కుక్కను వెంటనే వీధిలోకి వదలకండి, తెగిన కరెంటు తీగలు నీళ్లలో పడి ఉండవచ్చు. గోళ్లు, అరికాళ్లు, చిగుళ్లు ఒకసారి చూసి, నీళ్లు తాగనిచ్చి, నిద్రపోతే లేపకుండా వదిలేయండి. నేను గోడ మీది క్యాలెండరులో ఆనాటి తేదీ గడిలోనే మూడు సంగతులు రాస్తాను: మొదటి ఆవలింత ఎన్ని గంటలకు, తిండి ముట్టిందా లేదా, మళ్లీ కూలర్ ముందుకు వచ్చి పడుకోవడానికి ఎంతసేపు పట్టింది. వైద్యుడు మందు మోతాదు మార్చేటప్పుడు మొదట అడిగేది ఆ క్యాలెండరునే.