జోబర్గ్‌కి కొత్తగా వచ్చారా? చిన్న అద్దె కారులో రోడ్ ట్రిప్ వేసేముందు తెలుసుకోవాల్సినవి

సౌత్ ఆఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్‌కో (అందరూ జోబర్గ్ అంటారు) ప్రిటోరియాకో ప్రాజెక్ట్ మీద వచ్చి కాస్త కుదురుకున్నాక మనవాళ్ళు ముందుగా అడిగేది ఇదే, చిన్న కారు తీసుకుని జంతువులుండే క్రూగర్ నేషనల్ పార్క్‌కి వెళ్ళొచ్చా, నమీబియా దాకా పోవచ్చా, లేకపోతే పెద్ద ఫోర్ బై ఫోర్ బండే కావాలా అని. ఆ పెద్ద బండ్ల అద్దె చూసి చాలామంది ప్లానే మానేసుకుంటారు. దయచేసి మానుకోకండి. ఈ ప్రాంతంలో చూడాల్సినవాటిల్లో చాలావాటికి చిన్న కారు సరిపోతుంది, కాకపోతే మీ కారుని చూసుకుని దారి వేసుకోవాలి, ఎక్కడున్నా చీకటి పడేలోపు రూమ్‌కి చేరిపోవాలి. ఈ రెండూ గట్టిగా పట్టుకోండి, మిగతావి నేను చెప్తా.

ఇక్కడ అద్దెకిచ్చే చిన్న కార్లు మనకి కొత్తవేం కాదు. స్విఫ్ట్, ఎస్-ప్రెస్సో, గ్రాండ్ ఐ10, పోలో వివో, ఇంకా టొయోటా స్టార్లెట్ అని ఒకటి ఉంటుంది, అది మన బాలెనోనే. స్టీరింగ్ కుడివైపు, రోడ్డుకి ఎడమవైపు నడపడం, కాబట్టి అమెరికా వెళ్ళినవాళ్ళకి ఉండే తికమక మనకి ఉండదు. లైసెన్స్ విషయానికొస్తే మన కార్డు మీద ఇంగ్లీషు, ఫోటో, సంతకం ఉంటాయి కాబట్టి పని జరుగుతుంది, అయినా సరే ఇండియాలో ఉండగానే ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని రండి, ఏడాది చెల్లుతుంది, బోర్డర్ దాటాక పోలీసు ఆపినప్పుడు అది చేతిలో ఉంటే మాట త్వరగా తేలిపోతుంది.

కారు బుక్ చేసేటప్పుడు రేటు కన్నా ముందు చూడాల్సింది ఇన్సూరెన్స్‌లో ఏమేం కవర్ కావో. మామూలు కవర్‌లో టైర్లు, ముందు అద్దం, బండి అడుగుభాగం చాలాసార్లు ఉండవు, ఇక్కడి రోడ్ల మీద దెబ్బ తగిలేది సరిగ్గా ఆ మూడింటికే. రోజుకి కొంచెం ఎక్కువైనా అవి కలిపి తీసుకోండి. డిపాజిట్ కోసం డ్రైవర్ పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డ్ అడుగుతారు, డెబిట్ కార్డ్‌తో కౌంటర్ దగ్గర నిలబడితే కారు ఇవ్వకపోవచ్చు. ఇండియా కార్డ్ అయితే ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి ఉందో లేదో ముందురోజే యాప్‌లో చూసుకోండి. మీ ఆవిడగానీ ఫ్రెండ్‌గానీ మధ్యలో నడిపేట్టుంటే రెండో డ్రైవర్‌గా పేరు రాయించండి, రాయించకుండా వాళ్ళు నడిపినప్పుడు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ ఒక్క రాండ్ (ఇక్కడి కరెన్సీ) కూడా ఇవ్వదు. కారు చేతికొచ్చాక చుట్టూ తిరిగి వీడియో తీయండి, డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి తీసి చూడండి, జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో లేదో చూడండి. కొన్ని చిన్న కార్లలో సన్నటి తాత్కాలిక స్టెప్నీ ఇస్తారు, ఊళ్ళో తిరగడానికి పర్లేదు, నమీబియా వెళ్ళేటట్టుంటే మాత్రం ఫుల్ సైజ్ స్టెప్నీ ఉన్న కారే అడగండి.

సౌత్ ఆఫ్రికా దాటి వెళ్ళాలంటే రెంటల్ కంపెనీ దగ్గర క్రాస్ బోర్డర్ లెటర్ తీసుకోవాలి, అందులో కారు నంబరు, వెళ్ళే దేశాల పేర్లు ఉంటాయి, దానికి ఫీజు ఉంటుంది, రెడీ చెయ్యడానికి టైమ్ పడుతుంది కాబట్టి బుకింగ్ రోజే చెప్పేయండి. నమీబియా, బోట్స్వానా, లెసోతో, ఎస్వాతినికి మామూలుగా ఇస్తారు, జింబాబ్వే, మొజాంబిక్ అంటే చాలాచోట్ల వద్దంటారు లేదా రేటు బాగా పెంచేస్తారు. వీసా సంగతి ఇంకా ముఖ్యం. మీ సౌత్ ఆఫ్రికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో ముందు చూసుకోండి, సింగిల్ ఎంట్రీ వీసా మీద లెసోతో రాజధాని మసేరు చూసొద్దామని బోర్డర్ దాటితే వెనక్కి రావడం కుదరదు. మన పాస్‌పోర్ట్‌కి ఒక్కో దేశంలో ఒక్కో రూల్, పైగా మారుతుంటాయి, అందుకే హోటల్ బుక్ చేసేముందు ఆయా దేశాల ఇమ్మిగ్రేషన్ సైట్ చూడండి, ఫ్రెండ్ పోయినేడాది వెళ్ళొచ్చాడు కదా అని నమ్మొద్దు. పిల్లలుంటే బర్త్ సర్టిఫికెట్, అమ్మానాన్నల్లో ఒక్కరే వెళ్తుంటే రెండోవాళ్ళ అంగీకార పత్రం కూడా ఫైల్లో పెట్టుకోండి.

ఇక రోడ్డు మీద. మన ఊళ్ళో డ్రైవింగ్ చేసినవాళ్ళకి ఇక్కడ మొదట అర్థం కానిది ఫోర్ వే స్టాప్. నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉంటుంది, సిగ్నల్ ఉండదు, పోలీసు ఉండడు. ఎవరు ముందొచ్చి ఆగితే వాళ్ళు ముందు వెళ్తారు, అంతే. ఖాళీగా ఉన్నా సరే చక్రాలు పూర్తిగా ఆగాలి. మీరు వచ్చేసరికి ఎవరెవరు ఆగి ఉన్నారో లెక్క పెట్టుకుని మీ వంతు వచ్చాక కదలండి, వంతు వచ్చినా మర్యాదకి ఆగిపోతే వెనకాలవాళ్ళకి చిరాకు, వంతు రాకుండా దూరితే అందరికీ కోపం. కరెంటు పోయి సిగ్నల్స్ ఆరిపోయినప్పుడు ఎంత పెద్ద జంక్షన్ అయినా ఇదే పద్ధతి. హైవే మీద స్పీడ్ లిమిట్ 120, మామూలు బయటి రోడ్లలో 100, ఊళ్ళో 60. వెనక నుంచి స్పీడుగా వచ్చినవాడికి దారివ్వడానికి నెమ్మదిగా వెళ్ళేవాళ్ళు ఎడమవైపు పసుపు గీత దాటి జరుగుతారు, ఓవర్‌టేక్ చేసినవాడు హజార్డ్ లైట్లు రెండుసార్లు వెలిగించి థ్యాంక్స్ చెప్తాడు. మీరు జరగాల్సివస్తే ముందు ఆ పక్కన మనిషిగానీ ఆగిన బండిగానీ లేదని దూరం దాకా కనపడాలి, పగలు మాత్రమే.

పెట్రోల్ బంక్‌లో మీరు దిగక్కర్లేదు, అబ్బాయే వచ్చి పోస్తాడు, అద్దం తుడుస్తాడు, టైర్లలో గాలి చూడమంటే చూస్తాడు, 5 నుంచి 10 రాండ్లు చేతిలో పెట్టండి. పెట్రోల్ రేటు ప్రతి నెలా మొదటి బుధవారం మారుతుంది, పెరగబోతోందని ముందే వార్తల్లో వస్తుంది కాబట్టి మంగళవారం ఫుల్ ట్యాంక్ కొట్టించుకోవచ్చు. టోల్ గేట్ల దగ్గర విదేశీ కార్డులు పని చెయ్యకపోవచ్చు, నగదు పెట్టుకోండి. పార్కింగ్‌లో రిమోట్ నొక్కి వెళ్ళిపోకండి, ఆ సిగ్నల్‌ని జామ్ చేసే దొంగలున్నారు, హ్యాండిల్ పట్టుకుని లాగి చూడండి. బ్యాగులు, ల్యాప్‌టాప్, ఫోన్ ఏవీ సీటు మీద కనపడకూడదు, డిక్కీలో పెట్టేది బయల్దేరే చోటే పెట్టేయాలి, ఆగిన చోట అందరూ చూస్తుండగా సర్దకూడదు.

చీకటి పడ్డాక నడపొద్దని ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే కారణం దొంగల భయం ఒక్కటే కాదు. ఫ్రీ స్టేట్, మ్పుమలంగ వైపు చిన్న రోడ్ల మీద గుంతలు పగలే చూసి తప్పించాలి, రాత్రి అసలు కనపడవు. బోట్స్వానాలో ఆవులు, గాడిదలు రోడ్డు మధ్యలో నిలబడి ఉంటాయి, నాటా నుంచి కసానే వెళ్ళే దారిలో ఏనుగులు అడ్డం వస్తాయి. నమీబియాలో కూడూ అనే పెద్ద జింక రోడ్డు పక్క నుంచి ఒక్కసారిగా దూకుతుంది, చిన్న కారు ముందు అద్దంలోంచి లోపలికొచ్చిపడేంత ఎత్తు ఉంటుంది. జోబర్గ్ వైపు జూన్, జులైల్లో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది, కాబట్టి మ్యాప్ ఆరు గంటలంటే పెట్రోల్‌కి, భోజనానికి, పిల్లలకి కలిపి ఎనిమిది వేసుకుని పొద్దున్నే బయల్దేరండి.

మొదటి ట్రిప్‌కి నా మాట వినండి, క్రూగర్ వెళ్ళండి. జోబర్గ్ నుంచి ఎన్4 మీద మలలేన్ గేటుకి దాదాపు ఐదు గంటలు. 1926లో నేషనల్ పార్క్ అయింది, లోపల ముఖ్యమైన రోడ్లన్నీ తారు రోడ్లే, చిన్న కారుకి ఏ ఇబ్బందీ లేదు. స్పీడ్ లిమిట్ తారు మీద 50, మట్టి రోడ్డు మీద 40, కానీ జంతువులు కనపడాలంటే 25, 30లో వెళ్ళాలి. స్కుకూజా క్యాంప్ నుంచి లోయర్ సబీ క్యాంప్ దాకా నది పక్కనే వెళ్ళే రోడ్డుంది, ఒక ఉదయం మొత్తం దానికే ఇచ్చేయండి. లోయర్ సబీ దగ్గర సన్‌సెట్ డ్యామ్ అని చిన్న చెరువు, కారు నీటి అంచు దాకా వెళ్తుంది, ఇంజన్ ఆపి కూర్చుంటే నీళ్ళలో దుంగల్లా ఉన్నవి మొసళ్ళని కాసేపటికి తెలుస్తుంది, హిప్పోల చెవులు మాత్రం పైకి కనపడి మళ్ళీ మునుగుతాయి, ఎండు కొమ్మ మీద కొంగలు. ఊరికే తిరగడం కన్నా అలా ఒక చోట ఆగి ఉంటేనే ఎక్కువ చూస్తారు. మే నుంచి సెప్టెంబర్ దాకా గడ్డి ఎండిపోయి పల్చబడుతుంది కాబట్టి కారు ఎత్తు తక్కువైనా బాగా కనపడతాయి, ఇక్కడి వానాకాలంలో గడ్డి అద్దాల దాకా పెరిగిపోతుంది, పైగా మలేరియా ప్రాంతం, డాక్టర్‌ని అడిగి మందు తీసుకోండి. ఏనుగు రోడ్డు మీదుంటే దగ్గరికి వెళ్ళకండి, అది మీ వైపు నడిచొస్తే నెమ్మదిగా వెనక్కి తీయండి, ఏనుగుకీ దాని పిల్లకీ మధ్యలో దూరకండి. క్యాంప్ గేటు మూసే టైమ్ నెలని బట్టి మారుతుంది, లేటైతే ఫైన్ వేస్తారు. తిరుగు దారిలో గ్రాస్కాప్ మీదుగా వచ్చి బ్లైడ్ రివర్ కాన్యన్, బర్క్స్ లక్ పాట్‌హోల్స్ (నది రాతిలో తొలిచిన గుంతలు) చూసుకుంటే ఇంకో రోజు హాయిగా గడిచిపోతుంది.

నమీబియా వేరే లోకం, అక్కడే అసలు జాగ్రత్త కావాలి. మ్యాప్‌లో బీ అని ఉన్నవి తారు రోడ్లు, సీ, డీ అని ఉన్నవి ఎక్కువగా గ్రావెల్. గ్రావెల్ చూడ్డానికి చదునుగా, ఖాళీగా ఉంటుంది, పాతిక కిలోమీటర్లకి ఒక బండి ఎదురొస్తే గొప్ప, అందుకే తెలియకుండానే స్పీడు పెరిగిపోతుంది. కానీ ఆ రాళ్ళు చక్రం కింద గోళీల్లా దొర్లుతుంటాయి, బ్రేక్ గట్టిగా వేసినా, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినా కారు మన మాట వినదు. టూరిస్టులు అక్కడ ఎక్కువగా ప్రమాదంలో పడేది వేరే బండి గుద్దడం వల్ల కాదు, తమంతట తామే బోల్తా కొట్టడం వల్ల. చాలా కంపెనీలు గ్రావెల్ మీద 80 దాటొద్దని అగ్రిమెంట్లోనే రాస్తాయి, చిన్న కారుకి 60, 70 చాలు. ఎదురుగా లారీ వస్తుంటే బాగా ముందు నుంచే తగ్గించి ఎడమకి జరగండి, రాళ్ళు అద్దానికి తగిలే దెబ్బ మీ స్పీడుని బట్టే ఉంటుంది, అది లేపిన దుమ్ములో కొన్ని సెకన్లు ఏమీ కనపడదు, కాబట్టి పగలే హెడ్‌లైట్లు వేసి ఉంచండి. గాలి కొంచెం తగ్గిస్తే టైరు మెత్తగా పట్టుకుంటుంది, ఎంత తగ్గించాలో కారిచ్చినవాళ్ళనే అడగండి, తారు మీదికి రాగానే మళ్ళీ నింపించండి. బంక్ కనపడితే సగం ఉన్నా ఫుల్ చేయించండి, మనిషికి ఐదు లీటర్ల నీళ్ళు కార్లో ఉండాలి, ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఎందుకంటే గంటలకి గంటలు సిగ్నల్ ఉండదు.

ఇవన్నీ పాటిస్తే పెద్ద ఇసుక దిబ్బలుండే సాసుస్‌వ్లేకి చిన్న కారు చక్కగా వెళ్తుంది. సెస్రియెమ్ గేటు నుంచి లోపలికి తారు రోడ్డే, డ్యూన్ 45 అనే ఇసుక దిబ్బ ఆ దారి పక్కనే. చివరి ఐదు కిలోమీటర్లు మాత్రం లోతు ఇసుక, అక్కడ చిన్న కార్ల పార్కింగ్‌లో ఆపేసి షటిల్ జీపు ఎక్కాలి, ప్రయత్నిద్దామని ఇసుకలోకి దించకండి. ఎటోషా నేషనల్ పార్క్‌లో కూడా చిన్న కారు చాలు, ఓకకుయేయో క్యాంప్‌లో రాత్రి లైట్లు వేసి ఉంచే నీటిగుంట ఉంది, ఖడ్గమృగాలు వచ్చి నీళ్ళు తాగుతాయి. డబ్బు సంగతి సులువు, నమీబియా డాలర్ రాండ్‌తో సమానం, రాండ్లు అక్కడ చెల్లుతాయి, కానీ వాళ్ళ డాలర్లు ఇక్కడ తీసుకోరు కాబట్టి మిగిల్చుకుని రావద్దు. బోట్స్వానా పూలా మాత్రం వేరే.

చిన్న కారుతో వద్దనుకోవాల్సినవి కూడా చెప్పేస్తా. సానీ పాస్ అనే కొండదారి ఎక్కి లెసోతో వెళ్ళడానికి ఫోర్ బై ఫోర్ లేకపోతే సౌత్ ఆఫ్రికా బోర్డర్ పోస్ట్ దగ్గరే ఆపేస్తారు, మసేరు బ్రిడ్జి మీదుగా వెళ్ళండి, తారు రోడ్డే. బోట్స్వానాలో మోరేమి, చోబే అభయారణ్యాల లోపల ఇసుక దారులు, కారుని కసానేలో పెట్టి పడవ సఫారీ తీసుకోండి. విక్టోరియా ఫాల్స్‌కి కూడా అక్కడి నుంచే ట్రాన్స్‌ఫర్ వ్యాన్‌లో వెళ్ళొస్తే కారుకి జింబాబ్వే పేపర్ల గొడవే ఉండదు. కేప్ టౌన్ వైపు గార్డెన్ రూట్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, అంతా మంచి ఎన్2 రోడ్డు, ఏ కారైనా సరే.

డర్బన్ మాత్రం మనవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. ఎన్3 మీద 570 కిలోమీటర్లు, వాన్ రీనెన్స్ పాస్ దగ్గర లారీలు, పొగమంచు ఎక్కువ, చలికాలంలో మంచు పడితే రోడ్డే మూసేస్తారు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ కూలీలతో వచ్చి ఆగింది అక్కడే, ఆ తర్వాతి ఓడల్లో మన తీరం జిల్లాల నుంచి కూడా ఎందరో వచ్చారు, చెరకు తోటల్లో చాకిరీ చేశారు. 1931లో వాళ్ళ పిల్లలు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. భాష చాలామందికి నోట లేకపోయినా నాయుడు అన్న ఇంటిపేరు ఊరంతా కనపడుతుంది, మీరు తెలుగువాళ్ళని తెలిస్తే మాట కలుపుతారు, తీరిగ్గా కూర్చుని వినండి.

తిండికి సెల్ఫ్ కేటరింగ్ రూములు తీసుకోండి, పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు ఉంటాయి. చిన్న రైస్ కుక్కర్, పప్పు, ఆవకాయ సీసా, పులిహోర పొడి డిక్కీలో పడితే చాలు, కూరగాయలు ఏ ఊరి స్పార్ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. పచ్చి మాంసం, పాలు మాత్రం బోట్స్వానా, నమీబియా చెక్‌పోస్టుల్లో గాలికుంటు వ్యాధి భయంతో తీసేసుకుంటారు, కాబట్టి బోర్డర్ దాటాకే కొనుక్కోండి. బోర్డర్‌లో కట్టిన రోడ్డు ఫీజు రసీదు పారెయ్యకండి, బయటికొచ్చేటప్పుడు కూడా అడగొచ్చు. సౌత్ ఆఫ్రికాలో పోలీసుకి 10111, అంబులెన్స్‌కి 10177, మొబైల్ నుంచి 112, వీటితోపాటు రెంటల్ కంపెనీ బ్రేక్‌డౌన్ నంబరు కాగితం మీద రాసి డాష్‌బోర్డ్‌లో పెట్టండి, ఫోన్ ఛార్జ్ అయిపోయినా పక్క కారువాళ్ళ ఫోన్ అడిగి కాల్ చేసుకోవచ్చు.